అనూహ్యం ఎవరికి?

వంశవృక్షాల మోజు మన ఉద్దానానికీ పాకింది. ఒకప్పుడు భట్రాజు నోట పలికిన వంశచరిత్రను ఇప్పుడు అమెరికాలో ఉన్న కొడుకు గొట్టంలో ఉమ్మివేసి తెప్పించుకుంటున్నాడు. కోరిన జవాబు రాకపోతే "అనూహ్య ఫలితం" అని గుండెలు బాదుకుంటున్నారు. ఎవరికి అనూహ్యం? ఈ ప్రశ్న వేయకుండా డి.ఎన్.ఎ. పరీక్షల గురించి రాసేవారు, తెలిసో తెలియకో, కులపెద్దల పక్షాన రాస్తున్నారు.

మనిషి జీవకణంలో గోత్రం లేదు, ఇంటిపేరు లేదు. కంపెనీ తన దగ్గర పోగైన నమూనాలతో పోల్చి, ఫలానా ప్రాంతం వారితో ఇంత పోలిక ఉందని అంచనా కడుతుంది, అంతే. తల్లిదండ్రులకూ బిడ్డకూ ఉన్న సంబంధం విషయంలో మాత్రం పరీక్ష మాట గట్టిది. చిక్కంతా అక్కడే వస్తుంది.

కులశుద్ధి సంగతి ముందు తేల్చుదాం. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ఒక పరిశోధన, 2013లో మరొకటి ప్రకటించారు. 2013 నాటి పరిశీలనలో 73 జనసమూహాలున్నాయి. సుమారు 4200 ఏళ్ళ నుంచి 1900 ఏళ్ళ క్రితం దాకా ఈ దేశంలో జనం విస్తారంగా కలిసిపోయారనీ, తలుపులు మూసుకున్నది ఆ తర్వాతనేననీ తేలింది. అనాది అని మన సనాతనులు చెప్పే శుద్ధి, అందరూ కలిసిన తర్వాత వేసిన గడియ! కవిటి తోటల్లో పొడుగు కొబ్బరి పరపరాగంతో కాస్తుంది. ఏ కాయకు ఏ చెట్టు పుప్పొడి తగిలిందో దింపువాడు అడగడు, కొనే వర్తకుడూ అడగడు.

ఇక తండ్రి ప్రశ్న. 2007 నుంచి 2009 వరకు మన రాష్ట్ర గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ తన తండ్రి అని ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. ఆయన రక్తం ఇవ్వడానికి ఏళ్ళ తరబడి మొరాయించారు. చివరకు హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. ప్రయోగశాలలో పరీక్ష జరిగింది. 2012 జూలై 27న కోర్టు నివేదిక విప్పితే యువకుడి మాటే నిజమైంది. పత్రికలకు అది సంచలనం. ఆ తల్లికి అందులో కొత్త ఏముంది? ఆమె నోటిమాటకు లేని విలువ ఒక నివేదికకు వచ్చింది.

ఈ జాడ్యం పాతదే. ఛాందోగ్యంలో సత్యకాముడు గోత్రం అడిగితే, తనకు తెలియదని జాబాల దాచకుండా చెప్పింది. కొడుకు ఆ మాటే గురువుకు అప్పగించాడు. గౌతముడు మెచ్చాడు, మెచ్చి, అబ్రాహ్మణుడు ఇలా చెప్పలేడన్నాడు. నిజం చెప్పిన ధైర్యం తల్లిది. జమ మాత్రం బ్రాహ్మణ్యం పద్దులో! మనం తరగతిలో ఈ కథను ఉదారతకు ఉదాహరణగా చెప్పి ముందుకు సాగిపోతాం.

సత్యాన్ని ఎందుకు దాచాలి, అందరినీ పరీక్షించండి అనే అభ్యుదయవాదులూ ఉన్నారు. వీరి సత్యప్రీతికి సంతోషమే గాని, రక్తం అడుగుతున్నది ఎవరో వీరు చూడరు. తన పుట్టుక తెలుసుకోగోరే బిడ్డ ఒకడు. భార్యను వదిలించుకోవడానికి పసివాడి రక్తం అడిగే భర్త మరొకడు. ఇద్దరినీ ఒకే గాట కడితే ఎలా? పిల్లలకు ఇలాంటి పరీక్షలు మామూలు తంతుగా జరపరాదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ తీర్పు బిడ్డ వైపు నుంచి ఆలోచించింది. రేపు జీడితోట పంపకాల్లో తమ్ముడి వాటా ఎగవేయడానికి అన్న ఇదే పరీక్ష అడిగితే, ఊరి పెద్దలు ముందుగా నిలదీసేది చనిపోయిన తల్లి శీలాన్ని. వాడు కోరుతున్నది వంశచరిత్ర కాదని, అరెకరం తోట అని, ఆ పంచాయితీలో లేచి చెప్పేవాడెవడు?