మల్బరీ వీధి కూలీలు – మన క్యాంపు గదులు

న్యూయార్క్‌లో మల్బరీ స్ట్రీట్ అనే వీధి ఉంది. ఆ చుట్టుపక్కల పేటను లిటిల్ ఇటలీ అంటారు. ఇప్పుడు అక్కడ హోటళ్లు, మిఠాయి కొట్లు, టూరిస్టులే ఎక్కువ. పాత కుటుంబాలు చాలావరకు వేరే చోట్లకు వెళ్లిపోయాయి. కానీ నూరేళ్ల కిందట అది పక్కా కూలీల పేట. దాని కథ వింటే మన క్యాంపు కథే విన్నట్టుంటుంది.

1880 నుంచి 1924 దాకా సుమారు 40 లక్షల మంది ఇటలీ వాళ్లు అమెరికా వెళ్లారు. ఎక్కువ మంది దక్షిణ ఇటలీ పేద రైతులు, కూలీలు. మొదట వెళ్లింది మగవాళ్లే. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి తిరిగి వెళ్దామన్నదే వాళ్ల ఆశ. దాదాపు సగం మంది తిరిగి వెళ్లారు కూడా. రైలు పట్టాలు వేసింది వాళ్లు. న్యూయార్క్‌లో 1904లో మొదలైన భూగర్భ రైలు కోసం మట్టి తవ్వినవాళ్లలో వాళ్లు వేలల్లో ఉన్నారు.

వాళ్లకూ ఏజెంట్లు ఉన్నారు. 'పద్రోనె' అనేవారు. పని ఇప్పించినందుకు కమీషన్, కూలిలో కోత, క్యాంపు కొట్టులో ఎక్కువ ధరకు సరుకులు! ముందే ఒప్పందం రాయించుకుని విదేశీ కూలీలను తేకూడదని 1885లో అమెరికా చట్టం చేసింది. అయినా పద్రోనెల దందా వెంటనే ఆగలేదు. దోచుకున్నవాడు పరాయివాడు కాదు, తన భాష మాట్లాడేవాడే. ఈ మాట మనకు కొత్తా?

మరి ఆ కూలీలు ఎలా నిలబడ్డారు? పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా కొద్దిపాటి చందా కట్టేవారు. జబ్బు చేసి పనికి పోలేనివాడికి సాయం, చనిపోయినవాడికి గౌరవంగా అంత్యక్రియలు, అతని కుటుంబానికి కొంత ఆసరా. బీమా కంపెనీ గడప తొక్కలేని కూలీకి ఆ సంఘమే బీమా.

అయితే ఒక లోపం ఉంది. మల్బరీ స్ట్రీట్‌లో నేపుల్స్ వాళ్లు, ఎలిజబెత్ స్ట్రీట్‌లో సిసిలీ వాళ్లు. ఊరికో సంఘం, జిల్లాకో సంఘం. అందరినీ ఒక గొడుగు కిందికి తేవాలని 1905లో విన్సెంజో సెల్లారో అనే డాక్టర్ న్యూయార్క్‌లో 'సన్స్ ఆఫ్ ఇటలీ' సంస్థను స్థాపించారు. మన దగ్గరా కరీంనగర్ గది వేరు, కడప గది వేరు, కోనసీమ గది వేరు. ఆపైన కులాల గుంపులు. ఊరి అభిమానం మంచిదే. కానీ పక్క గదిలో మనిషి మంచాన పడితే ముందు ఏ జిల్లా అని అడగడం మంచిది కాదు.

మనకూ వాళ్లకూ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్లలో ఉండిపోయినవాళ్లు ఆ దేశ పౌరులయ్యారు. గల్ఫ్‌లో మన కూలీకి ఆ దారి లేదు. యూఏఈ వంటి దేశాల్లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం కూడా. కాబట్టి వాళ్లు చేసినట్టే మనం చేయలేం. కానీ ఒకరి కాగితాలు ఒకరు చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గదికో నోట్‌బుక్ పెట్టండి. ప్రతి మనిషి పాస్‌పోర్టు నంబరు, ఇంటి ఫోను, బీమా పాలసీ నంబరు, గడువు తేదీ రాయండి. దాన్ని నమ్మకస్తుడి దగ్గర ఉంచండి. ఈసీఆర్ పాస్‌పోర్టుపై ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలు వస్తాయి. కానీ ఆ పాలసీ రెండేళ్లకో మూడేళ్లకో ముగుస్తుంది. వీసా పొడిగించుకుని బీమా మరిచిపోతే నష్టపోయేది ఇంటిదగ్గరి భార్యాపిల్లలే. శవాన్ని ఇంటికి పంపే స్తోమత లేనప్పుడు ఆదుకోవడానికి మన ఎంబసీల్లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. ఎవరిని అడగాలో తెలిసినవాడు గదికొక్కడైనా ఉండాలి.

మల్బరీ వీధిలో 1926 నుంచి సెప్టెంబరులో సాన్ జెన్నారో ఉత్సవం జరుగుతోంది. పేట ఖాళీ అయినా పండగ మిగిలింది. మనమూ బతుకమ్మ, సంక్రాంతి చేసుకుందాం. కానీ సోదరులారా, పండగనాడు కలిసి తిన్నవాళ్లం ఆపదనాడూ కలిసి నిలబడాలి. ఈ సెలవు రోజునే ఆ నోట్‌బుక్ మొదలుపెట్టండి.