ఏడాదిలో లేచే కంచె వద్దు

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు నర్సరీకి వెళ్లి ముందుగా అడిగేది ‘త్వరగా పెరిగే మొక్క’. ప్రహరీ పక్కన వరుసగా నాటితే ఏడాది తిరిగేసరికి మనిషెత్తు లేవాలి, వీధిలో పోయేవారి చూపు ఇంట్లో పడకూడదు. అలా అడిగినవారిలో చాలామందికి ఇన్నాళ్లూ చేతికొచ్చింది కోనోకార్పస్. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన కరీంనగర్, కడప వాసులకు ఇది కొత్త మొక్కేమీ కాదు. అక్కడ రోడ్ల వెంట, ఇళ్ల చుట్టూ పచ్చగోడలా నిలబడేది ఇదే.

సోమాలియా, జిబూటి, యెమెన్ తీరాల చెట్టు ఇది. కుటుంబం చూస్తే మన కరక్కాయకు, తెల్లమద్దికి చుట్టమే. ఇది పొద కాదు, వదిలేస్తే ఇరవై మీటర్ల వరకు ఎదిగే చెట్టు. దాన్ని ఐదడుగుల దగ్గర ఆపాలంటే కత్తెర పక్కన పెట్టే వీలుండదు. నాలుగు వారాలు ఊరికి వెళ్లొస్తే కంచె కాస్తా తోపులా తయారవుతుంది. వేగంగా పెరిగే కంచెతో శ్రమ తప్పుతుందనుకోవడం పొరపాటు, అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఈ చెట్టు మీద పుకార్లూ తక్కువేం కాదు. ఆక్సిజన్ పీల్చుకుని విషవాయువు వదులుతుందన్న ప్రచారం పచ్చి అబద్ధం. ఏ పచ్చని చెట్టయినా పగలు ఆక్సిజన్ ఇస్తుంది, ఇదీ అంతే. అయితే చలికాలంలో పూసి గాలిలోకి పుప్పొడి వదలడం, నీటి కోసం వేర్లు పైపుల్లోకీ కేబుళ్ల దారుల్లోకీ చొరబడడం కొట్టిపారేయదగ్గవి కావు. గుజరాత్ 2023లో ఈ కారణాలే చూపి నాటడాన్ని నిషేధించింది. తమిళనాడు 2025లో అదే దారి పట్టింది. తెలంగాణలో హరితహారం కింద విరివిగా నాటాక, ఇక చాలని ప్రభుత్వమే ఆపింది.

వేగానికి ఆశపడి నష్టపోవడం తెలుగునేలకు ఇది మొదటిసారి కాదు. 1870ల్లో అప్పటి మద్రాసు అటవీశాఖ కడప జిల్లా కమలాపురంలో ఒక విదేశీ చెట్టును నాటించింది. కరవు నేలలో కూడా గబగబా ఎదుగుతుందనీ వంటచెరకుకు పనికొస్తుందనీ దాని ఉద్దేశం. ఆ చెట్టే సర్కారు తుమ్మ. చెరువుగట్లనూ బీళ్లనూ కమ్మేసిన ఆ ముళ్లను రైతులు ఇప్పటికీ నరుకుతూనే ఉన్నారు.

అదే కడప జిల్లాకు మరో కథ ఉంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో అక్కడి చిట్టడవిలోనే మళ్లీ కనిపించింది. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పిట్టకు ఆ పేరు. కలివి అంటే వాక్కాయ జాతి పొదే. ముళ్లు గట్టివి, మేక కూడా వెనకాడుతుంది. మల్లెల్లాంటి తెల్లని పూలు, ఆ తర్వాత పప్పులోకీ పచ్చడిలోకీ పుల్లని కాయలు. కంచెకు ఇంతకంటే ఏం కావాలి? మొదటి రెండేళ్లు నెమ్మదిగా పెరుగుతుందన్న మాట నిజమే. అంతవరకు ఆగలేనివారికి గోరింట ఉంది.

గోరింటకు పెద్ద ఖర్చు లేదు. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు ముక్కలుగా కోసి, తొలకరికి మట్టి తడిసిన వెంటనే గుచ్చితే వేళ్లూనుకుంటుంది. అడుగున్నర లోతు కాలువ తీసి, పశువుల ఎరువు కలిపి, అడుగుకొకటి చొప్పున రెండు వరుసలు ఎదురుబొదురుగా కాకుండా సందు చూసి నాటాలి. మొదటి వేసవి దాటేవరకు నీళ్లు తప్పవు, ఆ తర్వాత ఎండను అదే తట్టుకుంటుంది.

ఎక్కువమంది తప్పుచేసేది కత్తిరింపు దగ్గర. మొక్క ముచ్చటగా లేస్తుంటే చివరలు తుంచడానికి మనసొప్పదు. మోకాలెత్తు రాగానే తుంచేయాలి. అప్పుడే అడుగు నుంచి పక్కకొమ్మలు చీల్చుకొస్తాయి. ఎత్తు చూసుకుని మురిసిపోతే పైన గుబురు, కింద కుక్కలు దూరేంత ఖాళీ మిగులుతాయి. అడుగున వెడల్పుగా, పైన కాస్త సన్నగా కత్తిరిస్తే కింది ఆకులకూ ఎండ తగులుతుంది. వాకను మాత్రం కాయలు కోశాకే కత్తిరించాలి, ముందే కోస్తే పచ్చడి ఆశ వదులుకోవాల్సిందే. గోరింటకైతే ఆషాఢంలో ఇంటి ఆడపిల్లలే సగం పని చేసిపెడతారు.

పురపాలక సంఘాలు, గేటెడ్ కాలనీల సంఘాలు తమ నర్సరీల్లో ఈ రెండింటినీ పెంచి ఉచితంగా పంచాలి. ఇంటివారు అంతవరకు ఎదురుచూడనక్కరలేదు. వర్షాకాలంలో సంతకు వచ్చే వాక్కాయల్లో బాగా నల్లబడ్డ నాలుగు పండ్లు ఏరుకుంటే విత్తనం దొరికినట్టే. నిల్వ ఉంచితే మొలక తగ్గిపోతుంది, పండు తిన్న రోజే నాటుకోవాలి.