మన ఆరోగ్యము: తగ్గినట్టే తగ్గే మెదడు గడ్డ

చురుకైన తండ్రిగారు ఉన్నట్టుండి మందగించి, తెలిసిన కీర్తనే మరచిపోతే వయసు మీదపడిందనుకుంటాము. అరుదుగా అది మెదడులో పుట్టే లింఫోమా అనే క్యాన్సరు కావచ్చును. కొందరిలో మొదట చూపే మసకబారుతుంది. కంటివాపని చుక్కలమందుతో నెలలు గడుపుతాము. స్కానులో గడ్డ కనబడితే మన దేశంలో క్షయగడ్డేమోనని కూడా అనుమానిస్తారు, అది సహజమే.

చిక్కెక్కడంటే, వాపు తగ్గడానికిచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడు ఈ గడ్డను కొన్నాళ్లు కరిగించవచ్చును. రోగి లేచి కూర్చుంటాడు, కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటాము. వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. స్టెరాయిడు పడ్డాక గడ్డలో ముక్క తీసి పరీక్షించినా రోగం బయటపడకపోవచ్చును. అందుకే ప్రాణాపాయం లేనప్పుడు ముందు ముక్క పరీక్ష, తరువాతనే స్టెరాయిడు అంటారు వైద్యులు. ఊళ్లో వేయించిన సూదుల చీటీలు, పాత స్కానులు పెద్దాసుపత్రిలో అడగకముందే చూపుదాము. వాడుతున్న స్టెరాయిడును మాత్రం మనంతట మనము మానరాదు.