సున్నం పొరల కింద వెయ్యేళ్లు

సొంతూరి గుడికో, చర్చికో విరాళం పంపని ప్రవాస తెలుగు కుటుంబం అరుదు. వాట్సాప్‌లో ఊరి గ్రూపు నుంచి ఫొటోలు వస్తాయి, మనం యూరోలు పంపిస్తాం. ఏడాది తిరిగేసరికి గుడి కొత్తగా మెరిసిపోతుంటుంది. అయితే ఆ మెరుపు కోసం ఏం పోగొట్టుకున్నామో మాత్రం ఎవరూ లెక్క వేయరు. ఆ లెక్క ఎలా వేయాలో నేర్చుకోవడానికి జర్మనీ దక్షిణ కొసన, కాన్‌స్టాన్స్ సరస్సులో ఉన్న రైషెనావ్ ద్వీపాన్ని చూడాలి.

724లో పిర్మిన్ అనే క్రైస్తవ సన్యాసి అక్కడ మఠం స్థాపించారు. మన దగ్గర తూర్పు చాళుక్యులు వేంగిని ఏలుతున్న కాలమది. చదువుకూ చిత్రకళకూ ఆ మఠం యూరప్‌లో పేరుమోసింది. 9వ శతాబ్దంలో మఠాధిపతి వాలాఫ్రిడ్ స్ట్రాబో తోటలోని మొక్కల మీద కావ్యం రాశారు. 11వ శతాబ్దంలో హెర్మన్ అనే సన్యాసి నడవలేని స్థితిలోనే ఖగోళం, గణితం, సంగీతం, చరిత్రల మీద గ్రంథాలు రచించారు. 19వ శతాబ్దం మొదట్లో మఠం ఆస్తులు బాడెన్ పాలకుల పరమయ్యాయి. సన్యాసులు పోయినా మూడు చర్చిలు మాత్రం ఊరి వాళ్ల చర్చిలుగా నిలిచాయి. 2000లో యునెస్కో ఈ ద్వీపాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2024లో మఠానికి 1300 ఏళ్లు నిండాయి.

ఆ మూడింటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఓబర్‌సెల్‌లోని సెయింట్ జార్జ్ చర్చి. గోడల మీద క్రీస్తు మహిమలను చూపే పెద్ద చిత్రాలున్నాయి. పదో శతాబ్దం నాటివని పండితుల అంచనా. ఒక దశలో వాటి మీద సున్నం వేసేశారు. 19వ శతాబ్దం చివర్లో ఆ పొరలు తొలగించాకే అవి మళ్లీ వెలుగు చూశాయి. ఇప్పుడు ముప్పు సున్నంతో కాదు, సందర్శకులతో. జనం ఊపిరిలోని తేమ, తలుపులు తెరిచి మూయడంతో మారే వేడి ఆ రంగులను దెబ్బతీస్తాయి. అందుకే వేసవి నెలల్లో నిర్ణీత సమయాల్లో, గైడ్ వెంటే లోపలికి వెళ్లాలి. టిక్కెట్ల ఆదాయం కంటే గోడ ముఖ్యమని తేల్చుకున్నారన్నమాట.

మన ఊళ్లలో జరుగుతున్నదేమిటి? శాసనం చెక్కిన రాయి మీద సున్నం, శిల్పాల మీద ఎనామిల్ రంగులు, రాతి మండపంలో టైల్స్. కొన్నిచోట్ల పాత గుడిని మొత్తంగా కూల్చి కాంక్రీటుతో కట్టి, దాన్నే జీర్ణోద్ధరణ అంటున్నారు. జీర్ణమైన దాన్ని ఉద్ధరించాలని ఆ మాటకు అర్థం. దాన్ని తీసేసి మరొకటి పెట్టమని కాదు. దాత పేరు చెక్కిన కొత్త గ్రానైట్ పలక కింద ఎనిమిది వందల ఏళ్ల క్రితం దాత పేరు కప్పబడిపోవడం కన్నా విడ్డూరం ఏముంటుంది?

గుడి మ్యూజియం కాదు, భక్తులకు వసతులు కావాలి అంటారు కొందరు. నిజమే. రైషెనావ్ చర్చిలు కూడా మ్యూజియంలు కావు. అక్కడ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. ఏటా ఏప్రిల్ 25న సెయింట్ మార్క్ పండుగకు ద్వీపమంతా ఊరేగింపులో కదులుతుంది. వాడుకలో ఉంచడానికీ, పాతదాన్ని కాపాడటానికీ వైరం లేదని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. జర్మనీకి డబ్బుంది, చట్టాలున్నాయి, మనకు కుదరదు అన్నది రెండో వాదన. కానీ కప్పు కారకుండా చూడటం, గోడ పక్కన నీరు నిలవకుండా కాలువ తీయడం కొత్త కట్టడం కన్నా చవకే. శాసనాన్ని ఫోన్‌తో ఫొటో తీయడానికి పైసా ఖర్చు లేదు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో పాత కోడ్‌ను ఆనవాలు లేకుండా చెరపరు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదవుతుంది. ఊరి గుడికి ఆ మాత్రం మర్యాదైనా దక్కాలి. అందుకే విరాళం పంపేముందు కమిటీ పెద్దలను నాలుగు విషయాలు అడుగుదాం. పని మొదలయ్యే ముందు ప్రతి గోడనూ, రాతినీ ఫొటోలు తీశారా? శాసనాలుంటే పురావస్తు శాఖకు తెలిపారా? కూల్చకుండా మరమ్మతు చేసే మార్గం స్థపతిని అడిగారా? మన డబ్బులో ఎంత భాగం మరమ్మతుకు, ఎంత హంగులకు? ఊరి పాత చర్చికీ, మసీదుకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

డబ్బు ఇచ్చేవాడి మాటకు ఊళ్లో విలువ ఉంటుంది. ఆ విలువను మన పేరు చెక్కించుకోవడానికి కాకుండా, అంతకుముందే చెక్కి ఉన్న పేర్లను నిలబెట్టడానికి వాడదాం.