తల ఎత్తని విద్య
సైకిల్ పందెంలో అసలు ప్రత్యర్థి గాలే. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటితే, తొక్కేవాడి బలంలో ముప్పాతిక వంతుకు పైగా దానికే ధారపోయాలి; ఆ గాలికి అడ్డం పడేది ఎక్కువగా సైకిల్ కాదు, మనిషి ఒళ్లు. ఈ కిటుకు పట్టిన స్కాట్లాండ్ వాడు గ్రేమ్ ఓబ్రీ, చేతులు మడిచి రొమ్ము కిందికి దూర్చి, బాగా ముందుకు వాలి, 1993లో నార్వేలోని హామర్‌లో ట్రాక్ మీద ఒక్క గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టాడు. (సొంతంగా చేసుకున్న ఆ సైకిల్లో బేరింగులు వాషింగ్ మెషీన్‌వి!) మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ భంగిమను నిషేధించింది. ఓబ్రీ పంతం పట్టి, చేతులు ముందుకు చాచే ‘సూపర్‌మ్యాన్’ భంగిమలో 1995లో ప్రపంచ విజేత అయితే, తర్వాత దాన్నీ ఆపేశారు. నాకిది మింగుడుపడదు. వాలడం ఎవరైనా వాలతారు. మెడ పీకుతున్నా, నడుము పట్టేస్తున్నా, ఊపిరి చాలకపోయినా గంటసేపు అలాగే ఉండటం కదా విద్య! అలసి తల కాస్త లేచిందా, విండ్ టన్నెల్‌లో (గాలి వీయించి పరీక్షించే సొరంగంలో) సంపాదించిన లాభానికి గండి పడ్డట్టే. 2021లో రోడ్డు రేసుల్లో సైకిల్ గొట్టం మీద చతికిలబడి పల్లం దిగడాన్ని మాన్పించారంటే అర్థముంది, పక్కన గుంపు ఉంటుంది. ట్రాక్ మీద ఒంటరిగా గడియారంతో పోటీపడేవాడి వల్ల ఎవరికి ముప్పు?