అభిమానం కూడా అమానతే

జుమా నమాజు ముగిశాక విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక మసీదు మెట్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు గట్టిగా వాదులాడుకోవడం ఈ మధ్య మా చెవిన పడింది. ఒకడి వీపు మీద రొనాల్డో పేరు, ఇంకొకడి వీపు మీద నెయ్‌మార్ పేరు. మూడోవాడు మామూలు చొక్కాలోనే ఉన్నాడు గాని గొంతు మాత్రం అందరికంటే పెద్దది. నాలుగోవాడు వెలిసిపోయిన పసుపుపచ్చ బనీను తొడుక్కుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతను ఏమీ మాట్లాడడం లేదు. విషయం ఫుట్‌బాల్. సౌదీలో అల్ నస్ర్ గొప్పదా, అల్ హిలాల్ గొప్పదా అన్నది తగువు. గొంతు పెద్దవాడు తీర్పు చెప్పేశాడు: "ఏదైతేనేం భాయ్, రెండూ మనోళ్లవే. మనోళ్లకి డబ్బుకి లోటేంటి? ఎవణ్ణి కావాలంటే వాణ్ణి కొంటారు!"

ఆ "మనోళ్లు" అన్న మాట మా వెంట ఇంటిదాకా వచ్చింది.

ముందుగా ఒక మాట. పిల్లల ఆటను తప్పు పట్టడానికి మేమిది రాయడం లేదు. మదీనా మసీదు ఆవరణలో హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) వారిని ఆపలేదు సరికదా, హజ్రత్ ఆయిషా (రజి)కి ఆ వినోదం చూపించారు. ఆమెతో స్వయంగా పరుగుపందెం వేశారు. ఒంటికి చెమట పట్టించే ఆటను మన ధర్మం ఏనాడూ చిన్నచూపు చూడలేదు.

అసలు చిక్కేమిటంటే మన కృష్ణా డెల్టాలో ఫుట్‌బాల్ కాలితో ఆడే ఆటగా కంటే కంటితో చూసే ఆటగానే వచ్చింది. ఇక్కడ నేల ఊరికే పడి ఉండదు. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు. ఆ మినుము పీకేశాక, మళ్లీ కాలువలకు నీళ్లు వదిలేలోపు, ఎండలు మండే ఆ కొద్ది వారాలే పల్లెటూరి పిల్లలకు మైదానం. ఆ కాస్త వ్యవధినీ క్రికెట్, వాలీబాల్, కబడ్డీ పంచుకుంటాయి. పట్నంలోనైతే ఇళ్ల మధ్య ఖాళీ స్థలమే కరువు. అందువల్ల మన పిల్లవాడికి ఫుట్‌బాల్ అంటే సెల్‌ఫోన్‌లో అర్ధరాత్రి దాటాక మొదలయ్యే యూరప్ మ్యాచ్. శీతాకాలంలో ఒంటిగంటన్నరకు మొదలయ్యే ఆట మూడున్నర దాకా సాగుతుంది. ఆ తరువాత ఫజ్ర్ నమాజుకు లేచేదెవరు? ఇంట్లో తల్లులకు ఈ సంగతి మేము చెప్పనక్కర లేదు.

ఇక "మనోళ్ల" సంగతి. పారిస్‌లోని పీఎస్‌జీ క్లబ్బును 2011లో ఖతర్ ప్రభుత్వ సంస్థ కొన్నది. ఇంగ్లండులో మాంచెస్టర్ సిటీ 2008లో అబూధాబీ రాజకుటుంబీకుల చేతికి, న్యూకాజిల్ 2021లో సౌదీ నిధి చేతికి వెళ్లాయి. అదే సౌదీ నిధి 2023లో అల్ నస్ర్, అల్ హిలాల్ సహా స్వదేశంలోని నాలుగు పెద్ద క్లబ్బులలో సింహభాగం తీసుకుంది. 2017 ఆగస్టులో నెయ్‌మార్ అనే ఒక్క ఆటగాడిని బార్సిలోనా నుంచి తెచ్చుకోవడానికి పీఎస్‌జీ చెల్లించింది 22 కోట్ల 20 లక్షల యూరోలు. అప్పటి మారకంలో 1,600 కోట్ల రూపాయలకు పైమాటే.

ఈ అంకెను మనకు తెలిసిన కొలతతో కొలిచి చూద్దాం. గల్ఫ్‌లో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మేస్త్రీ పని, డ్రైవరు పని, ఇంటి పని చేసి ఇక్కడి ఇళ్లకు డబ్బు పంపుతున్నారు. ఖతర్‌లో 2021 మార్చి నుంచి అమలైన కనీస వేతనం, భోజనం, వసతి కాక, నెలకు 1,000 రియాళ్లు. నెయ్‌మార్ కోసం పెట్టిన సొమ్మును రియాళ్లలోకి మార్చి ఆ వేతనంతో భాగిస్తే ఒక కార్మికుడికి దాదాపు 80 వేల సంవత్సరాల జీతమవుతుంది. 2022 ప్రపంచ కప్ కోసం ఎండలో స్టేడియాలు కట్టిన వారిలో మన దేశం వాళ్లు, నేపాలీలు, బంగ్లాదేశీయులు వేలాదిగా ఉన్నారు. "మనోళ్లు" ఎవరు బాబూ? క్లబ్బు కొన్న షేకా, స్టేడియానికి ఇటుక మోసిన కూలీయా?

ఇంత పెట్టి తెచ్చిన నెయ్‌మార్‌ను ఆ క్లబ్బు అభిమానులే 2022 మార్చిలో సొంత మైదానంలో ఈలలు వేసి గేలి చేశారు. పక్కనే ఉన్న మెస్సీనీ వదల్లేదు. యూరప్ కప్పు రాలేదన్న కోపం. మరుసటి ఏడాది ఇద్దరూ వెళ్లిపోయారు. 2024లో ఎంబాపె కూడా వెళ్లిపోయాడు. వెళుతూ తనకు ఐదున్నర కోట్ల యూరోల జీతం బాకీ ఉందని ఫిర్యాదు చేశాడు. ముగ్గురు మహా తారలూ లేని ఆ జట్టే 2025 మే 31న ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి ఆ కప్పు ఎత్తింది. నెయ్‌మార్‌ను 2023లో అల్ హిలాల్ తొమ్మిది కోట్ల యూరోల ప్రాంతంలో పెట్టి తీసుకుంది. మోకాలి గాయంతో మంచాన పడి, అతను అక్కడ ఆడినవి ఏడే ఏడు మ్యాచ్‌లు. 2025 జనవరిలో ఒప్పందం రద్దయింది. సంపన్నుడి ఇంట పెళ్లిలో వృథా అయ్యే బిర్యానీని చూసి దుబారా అని గుమిగూడి నిందిస్తాము. ఇది మాత్రం గొప్ప అయిపోయింది!

ఇదంతా ఎక్కడో దూరదేశపు వ్యవహారం అనుకుంటే పొరపాటు. మన గడ్డ మీదా ఈ కథ ఉంది, ఇంకా దగ్గరగా.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. జనం రహీం సాహెబ్ అనేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టులో కొని తెచ్చిన తార లేడు. పోలీసు ఉద్యోగం, నెల జీతం, ఉదయం సాధన, అంతే. భారత జట్టు శిక్షకుడిగా ఆయన 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తాలో కొరియాను 2-1తో ఓడించిన నాటికే కేన్సర్ ఆయన ఊపిరితిత్తులను తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. 2024లో హిందీ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో ఆయన పేరు ఎరిగినవారెందరు?

ఆ హైదరాబాద్ ఆటగాళ్లను కొనుక్కున్నది కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్, ఆనాటి ధనిక క్లబ్బులు ఇవే. సికింద్రాబాద్ పేదింటి బిడ్డ తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహమ్మద్ హబీబ్ వెళ్లాడు. ఆ వెనుక తమ్ముడు అక్బర్. వరుసగా మంచి ఆటగాళ్లు తరలిపోయి, రహీం సాహెబ్ కూడా పోయాక, హైదరాబాద్ ఫుట్‌బాల్ క్రమంగా ఎండిపోయింది. ధనిక క్లబ్బు ఒక చోట తార వెలిగిస్తే మరొక చోట దీపం ఆరుతుందన్న సంగతి అభిమానులకు కనిపించదు.

అయినా హబీబ్‌ను మేము తప్పు పట్టలేము. మూడు క్లబ్బులకూ మార్చి మార్చి ఆడిన మనిషిని మూడు క్లబ్బుల అభిమానులూ "బడే మియా" అని గౌరవించారు. ఏ చొక్కా తొడుక్కుంటే దానికి పూర్తిగా పనిచేశాడు గనుక. ఉద్యోగాలు వచ్చినా కాదని ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హైదరాబాదీ ఆయనే. 2023 ఆగస్టు 15న మరణించారు. తీసుకున్న జీతానికి న్యాయం చేసినవాడు కొనబడినా చిన్నబోడు.

ఇప్పుడు పసుపుపచ్చ బనీను సంగతి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు పుట్టింది. స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్క్వెజ్ వచ్చాడు. నైజీరియా ఆటగాడు ఒగ్బెచె 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. చాలాకాలానికి తెలుగునాట ఫుట్‌బాల్ మళ్లీ తలెత్తింది. మరుసటి ఏడాది రెండో స్థానం. ఆ తరువాత జీతాలు ఆగిపోయాయి. బకాయిల వల్ల ఫీఫా కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. పేరున్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోతే కుర్రాళ్లతో మైదానంలోకి దిగి 2023-24లో పట్టికలో అట్టడుగున మిగిలింది. 2024లో యజమాని మారాడు. 2025లో క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలిలో గొంతు చించుకుని అరిచిన అభిమానిని ఒక్కమాట అడిగినవాడు లేడు.

కలకత్తా మొహమ్మడన్ సంగతి ఇంకా మనసుకు దగ్గరిది. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టు అది. అక్కడి నుంచి వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఆ రోజుల్లో దేశం నలుమూలలా ముస్లిం ఇళ్లలో ఆ క్లబ్బు పేరు పండగలా వినిపించేది. అంతటి చరిత్ర గల క్లబ్బు 2024లో ఐఎస్‌ఎల్‌లోకి వచ్చి జీతాలివ్వలేక నవ్వులపాలైంది. 2025 జనవరిలో రష్యన్ శిక్షకుడు చెర్నిషోవ్ బకాయిల కారణంగానే తప్పుకున్నాడు. పేరు మొహమ్మడన్! కూలివాడి చెమట గురించి ప్రవక్త (స) చేసిన హెచ్చరిక ఆ గోడల మీద రాయించుకోవలసింది.

మేమంటున్నదల్లా ఇదే. అభిమానం ఒక అమానతు. మనం మన ప్రేమను, రాత్రుల నిద్రను, చొక్కా కొన్న సొమ్మును ఒకరి దగ్గర దాచుకున్నాము. దాచుకున్నవాడికి లెక్క అడిగే హక్కుంది. ఆటగాడికి జీతం ఇచ్చావా, కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చావా, ఊరికి చెప్పకుండా ఊరు మారతావా అని అడగాలి. ఎంత ఖరీదుకు కొన్నాడన్నదే చూసి చప్పట్లు కొట్టేవాడు అభిమాని కాదు, వేలంపాట దగ్గర గుమిగూడిన జనంలో ఒకడు.

లెక్క అడగని అభిమానం మరో దారి పడుతుంది. ఒక దండయాత్రలో నీటి బావి దగ్గర ఒక ముహాజిర్, ఒక అన్సారీ గొడవపడి, ఒకడు ముహాజిర్లనూ మరొకడు అన్సార్లనూ సాయానికి కేకేశారు. ఆ రెండూ ఖుర్‌ఆన్ గౌరవించిన పేర్లే. అయినా దైవప్రవక్త (స) ఆ పిలుపును దుర్గంధంతో పోల్చి వదిలెయ్యమన్నారు. మంచి పేరు కూడా పక్షపాతపు కేక అయితే కుళ్లిపోతుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట జరుగుతుండగా రేగిన కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఆట చూడ్డానికి వెళ్లిన బిడ్డ శవమై వస్తే ఏ క్లబ్బు కప్పు ఆ తల్లి కళ్లు తుడుస్తుంది?

తండ్రులు గమనించవలసింది ఇంకొకటి ఉంది. పిల్లవాడు తెచ్చుకున్న చొక్కా ముందు భాగాన ఏముందో ఒకసారి చూడండి. ఇంగ్లండు క్లబ్బులు ఎన్నో పందేల కంపెనీల పేర్లను గుండెల మీద మోశాయి. 2025-26 సీజను ముగిశాక ముందు భాగం నుంచి తీసేస్తామని 2023లో అవి ఒప్పుకున్నాయి. పాత చొక్కాలు మాత్రం బజారులో ఉన్నాయి. జూదం హరామ్ అని ఎరిగిన ఇంట్లో ఆ పేరు తొడుక్కుని నమాజు వరుసలో నిలబడితే, వెనుక వరుసవాడు సజ్దా దాకా చదివేది ఆటగాడి పేరూ నంబరే. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం చేసింది. అయినా దొడ్డిదారులు ఉంటూనే ఉన్నాయి. "నా జట్టు తప్పక గెలుస్తుంది" అన్న నమ్మకమే మొదటి పందెం కాయిస్తుంది. కొడుకు ఫోన్ లాక్కోవడం కాదు, ఒక రాత్రి పక్కన కూర్చుని ఆ మ్యాచ్ చూడండి. ఎవరు ఎందుకు ఆడుతున్నారో అతనే చెబుతాడు. మధ్యలో మీరు అడగవలసింది అడగవచ్చు.

ఆ రోజు మిగతా ముగ్గురూ వెళ్లాక పసుపు బనీను కుర్రాణ్ణి పలకరించాము. హైదరాబాద్‌లో డిప్లొమా చదివాడట. బస్సు మారి గచ్చిబౌలికి వెళ్లి ఆట చూసేవాడట. ఇప్పుడు ఎవరి పక్షం అని అడిగాము.

"ఎవరూ లేరు చాచా. ఆదివారం పొద్దున పిల్లలకి ఆడడం నేర్పుతున్నా. పన్నెండు మంది వస్తున్నారు. బంతి ఒకటే ఉంది, అదీ గాలి నిలవట్లేదు. స్కూలు గ్రౌండు గేటు తాళం తీయించడానికి ఎవరిని అడగాలో మీకేమైనా తెలుసా?"

తెలుసుకుని వచ్చే జుమాకు చెబుతామని మాట ఇచ్చాము. అర్జీ రాస్తున్నాము. సంతకం పెట్టదలచిన తండ్రులు నమాజు తరువాత ఆ మెట్ల దగ్గరే కలవవచ్చు.