తరుగులేని ప్రతి

మన వ్యాకరణం భాషాభాగాలను ఐదుగా చెప్పింది. నామవాచకం విభక్తిని బట్టి, క్రియ కాలాన్ని బట్టి రూపు మార్చుకుంటాయి. లింగ, వచన, విభక్తులకు లోబడనిది అవ్యయం. ‘ఆహా’, ‘అయ్యో’ ఎక్కడ ఉన్నా అవే. వ్యయం, అనగా తరుగుదల, లేనిది కనుకనే దానికి ఆ పేరు.

కంప్యూటరులో బొమ్మలను భద్రపరచే పద్ధతులలోనూ ఇట్టి భేదమున్నది. 1992లో ప్రమాణమైన జేపెగ్, కంటికి అంతగా ఆనని వివరాలను విడిచి బొమ్మను కుదిస్తుంది. మార్చి మార్చి భద్రపరచినకొద్దీ నష్టం పెరుగుతుంది. 1996లో వెలువడిన పీఎన్‌జీ కుదించినా ఒక్క చుక్కనూ పోగొట్టదు. బొమ్మలలో అది అవ్యయం.

పెళ్లి ఫోటోకు జేపెగ్ చాలును. తాతలనాటి తెలుగు దస్తావేజుకు చాలదు. బాగా కుదించిన ప్రతిలో ఒత్తు చెదిరితే మల్లయ్య మలయ్య అవుతాడు. మనం ఊహించి సరిగా చదువుకుంటాం. తెలుగు రాని గుమాస్తా చదువలేడు. 1936లో బరంపురం ఒడిశాలో, 1953లో బళ్లారి మైసూరులో చేరినవి. పాత కాగితాలలోని తెలుగు మాత్రం మారలేదు. ఈ నేలపై మనం ఎన్నాళ్లుగా ఉన్నామో చెప్పే సాక్షి అదే.

కనుక పాఠకులకు మనవి: మూలపత్రాన్ని పదిలపరచండి. స్కాను చేయించేనాడే ప్రతిని పీఎన్‌జీగా తీయించండి. జేపెగ్‌ను తరువాత పీఎన్‌జీగా మార్చినా పోయిన ఒత్తు తిరిగి రాదు. ఒక తరం విడిచిన తెలుగును మరుసటి తరం వెదకి తెచ్చుకోవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.